వరంగల్ నుంచి జలపాతాలకు, మడుగులకు వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జులై వచ్చిందంటే హనుమకొండలో, వరంగల్‌లో, కాజీపేటలో ఇంటింటా ఒకటే మాట: "ఈ ఆదివారం బొగత పోదామా?" చుట్టాలు, ఆఫీసువాళ్లు, కాలేజీ పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ములుగు, మహబూబాబాద్ వైపు చోట్ల గురించి ఎక్కువ రాశాను, ఆదిలాబాద్ వైపువి కొంత. నీళ్లలో దిగడం గురించి మాత్రం కావాలనే వివరంగా రాశాను. ప్రతి వానాకాలం ప్రాణాలు పోతున్నది ఆ మడుగుల్లోనే.

వరంగల్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి రాగలిగేవి ఏవి?

ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగత, మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని భీముని పాదం, కరీంనగర్ జిల్లా సైదాపూర్ మండలంలోని రాయికల్, పెద్దపల్లి దగ్గర సబ్బితం గౌరీగుండాలు. వీటిలో భీముని పాదం, రాయికల్ దగ్గర. బొగత దూరం, కానీ దారంతా అడవి, మధ్యలో గోదావరి. అందుకే దూరం పెద్దగా అనిపించదు.

కుంటాల, పొచ్చెర, గాయత్రి, కనకాయి ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నాయి. వాటికి ఒక రాత్రి అక్కడే ఉండేలా రెండు రోజులు పెట్టుకోండి. ఒకే రోజులో చుట్టి వస్తామనుకుంటే, తిరుగు ప్రయాణంలో డ్రైవరుకు నిద్ర వచ్చే వేళకు మీరు ఇంకా హైవే మీదే ఉంటారు.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారు. మొదటిసారి వెళ్తున్నాం. ఎక్కడికి వెళ్లమంటారు?

బొగత. బండ్లు నిలిపే చోటు నుంచి నడక తక్కువ, దారి కట్టి ఉంది, అటవీ శాఖ సిబ్బంది ఉంటారు, కంచె ఉంది. చీకుపల్లి వాగు సుమారు 30 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. లెక్కకు ఎత్తు తక్కువే. కానీ వెడల్పు చాలా ఎక్కువ. సెప్టెంబరులో నల్లటి బండల మీద నుంచి పాయలు పాయలుగా దిగుతుంటే అందరూ తెలంగాణ నయాగరా అని ఎందుకంటారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా జలపాతం కనిపించే చోటుకు వెళ్లి కూర్చోవచ్చు, తుంపర మొహాన పడుతుంది.

బొగతకు దారి చెప్పండి.

హనుమకొండ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం. అక్కడ ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన దాటితే అవతలి ఒడ్డున పూసూరు. వాజేడు వైపు సాగితే కోయవీరాపురం దగ్గర బొగత బోర్డు కనిపిస్తుంది. మొత్తం సుమారు 140 కి.మీ., ఆగకుండా పోతే మూడు గంటలు.

ఆ వంతెన 2016లో అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు ఇటువాళ్లు భద్రాచలం చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చేది. వరంగల్ వాళ్లకు బొగత దగ్గరైంది వంతెన వచ్చాకే. వంతెన మీద బండి ఆపి ఫొటోలు దిగకండి, ఇసుక లారీలు వేగంగా వస్తుంటాయి.

పస్రా దాటాక అడవి మొదలవుతుంది. తాడ్వాయి దాకా రోడ్డు పక్కన కోతులు కూర్చుని ఉంటాయి. వాటికి బిస్కెట్లు విసరొద్దు. తిండి కోసం రోడ్డు మీదికి రావడం అలవాటై బండ్ల కింద పడి చస్తున్నాయి.

సొంత బండి లేదు, బస్సులో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. హనుమకొండ బస్టాండు నుంచి ఏటూరునాగారం దాకా ఆర్టీసీ బస్సులుంటాయి, వాజేడు, వెంకటాపురం వైపు పోయేవి కూడా ఉంటాయి. ఏటూరునాగారం నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. రానూపోనూ, అక్కడ ఆగే సమయం కలిపి ముందే రేటు ఒప్పుకోండి. ఎక్కే ముందే తిరుగు బస్సు ఎన్ని గంటలకో డిపోలో అడిగి పెట్టుకోండి. నలుగురైదుగురు ఉంటే కారు కిరాయికి తీసుకోవడమే నయం.

ఏ నెలలో బాగుంటుంది?

జూన్ నెల వాన భూమి తాగడానికే సరిపోతుంది. జులై రెండో సగం నుంచి అక్టోబరు దాకా నీళ్లు నిండుగా ఉంటాయి. నన్నడిగితే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి వారాలు. అప్పటికి వాగు బురద రంగు వదిలి తేటపడుతుంది, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది, బతుకమ్మ పండుగ రోజులు కాబట్టి దారి పొడవునా తంగేడు పూసి ఉంటుంది. జనవరి నుంచి ధార సన్నబడుతుంది. ఎండాకాలం వెళ్తే బండలే చూసి వస్తారు.

వారంలో మంగళ, బుధ, గురువారాలు మేలు. ఆదివారం బొగత దగ్గర పార్కింగుకే గంట పట్టవచ్చు. ఆ రద్దీలో పిల్లలను కనిపెట్టుకుని ఉండటం కూడా కష్టం.

కానీ వాన పడుతుంటేనే కదా జలపాతం అందం?

ఈ ప్రశ్నకు నేను మొహమాటం లేకుండా జవాబు చెప్తాను: వాన పడుతుంటే వెళ్లకండి. పెద్ద వాన ఆగాక రెండు మూడు రోజులు ఆగి వెళ్లండి. అప్పుడు కూడా నీళ్లు బోలెడు ఉంటాయి, దారి మాత్రం భద్రంగా ఉంటుంది.

2023 జులై 26న ఏం జరిగిందో ఈ ప్రాంతం వాళ్లకు గుర్తే. ముత్యంధార జలపాతం చూడటానికి వెంకటాపురం మండలం వీరభద్రవరం మీదుగా అడవిలోకి వెళ్లిన సుమారు 80 మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగడంతో అవతలే చిక్కుకుపోయారు. చీకటి పడింది, వాన ఆగలేదు. వాగు దాటే ప్రయత్నం చేయొద్దని, ఎత్తైన చోటికి వెళ్లి ఉండమని అధికారులు ఫోన్లో చెప్పారు. వాళ్లు ఆ మాట విన్నారు. ఎన్డీఆర్ఎఫ్ బృందం రాత్రంతా కష్టపడి బయటికి తెచ్చింది. ఆ మాట వినకుండా ఎవరో ఒకరు ధైర్యం చేసి దిగి ఉంటే సంగతి వేరేలా ఉండేది.

అదే వానకు ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. నమోదైంది. అంటే 65 సెంటీమీటర్లు. జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచింది, మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. పొద్దున మామూలుగా ఉన్న వాగులవి. మీరు దాటి వెళ్లిన చిన్న ఒర్రె సాయంత్రానికి మిమ్మల్ని వెనక్కి రానివ్వకపోవచ్చు.

వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇస్తే ట్రిప్పు వాయిదా వేయండి. ములుగుకు మాత్రమే కాదు, పక్కనున్న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాకు ఏం చెప్పారో కూడా చూడండి. వాజేడు, వెంకటాపురం మండలాల వాగులకు పైనున్న గుట్టలు రాష్ట్ర సరిహద్దులోవి.

గాలి సంగతి కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన సుడిగాలికి వేలాది పెద్ద చెట్లు వేళ్లతో సహా కూలాయి. వాన, గాలి ఉన్న రోజు చెట్ల కింద నడవాల్సిన చోటికి పోవడం మంచిది కాదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మడుగులో దిగవచ్చా, లేదా? సూటిగా చెప్పండి.

బొగతలో ఆ రోజు నీటి ఉధృతిని బట్టి సిబ్బంది చెప్పినదే రూలు. పై నుంచి నీళ్లు ఎక్కువగా వస్తుంటే స్నానాలు ఆపేస్తారు. తగ్గినప్పుడు హద్దు పెట్టిన చోట, తాడు లోపల మాత్రమే దిగనిస్తారు. "దూరం నుంచి వచ్చాం, కొంచెం సేపే" అని వాళ్లతో వాదించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నీళ్లలో పోయినవాళ్లను వెతికి తీసేది ఆ సిబ్బందే.

సిబ్బంది లేని చోట నా సలహా ఒక్కటే. పారే నీళ్లలో చీలమండ దాకా. నిలిచిన మడుగులో, అడుగు పూర్తిగా కనిపిస్తేనే, మోకాళ్ల దాకా. అంతకు మించి వద్దు.

మోకాళ్ల దాకా దిగితే ఆనందం లేదనుకోకండి. ఎండ పడుతున్న అంచు చూసుకుని బండ మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి కదలకుండా ఉండండి. కాసేపటికి వేలెడంత చేపపిల్లలు వచ్చి మడమల దగ్గర చర్మాన్ని పొడుస్తాయి. ముందు ఒకటి వస్తుంది, వెనక్కి పోతుంది, తర్వాత గుంపుగా వస్తాయి. పిల్లలు కిలకిల నవ్వుతారు. నీళ్లు తేటగా ఉంటే వాటి నీడలు అడుగున ఇసుక మీద కదలడం కూడా కనిపిస్తుంది. ధార కింద తోసుకునేవాళ్లకు ఇది దొరకదు.

పైకి నిమ్మళంగా ఉంది, నడుము లోతే కనిపిస్తోంది. ఎందుకంత భయపెడతారు?

కారణాలు చెప్తాను, మీరే ఆలోచించుకోండి.

మొదటిది, తేట నీళ్లలో లోతు తక్కువగా కనిపిస్తుంది. నీటిలోంచి వచ్చే వెలుగు వంగడం వల్ల అసలు లోతులో ముప్పావు వంతే మన కంటికి ఆనుతుంది. ఎనిమిది అడుగుల గుంట ఆరడుగులే అనిపిస్తుంది. బురద నీళ్లయితే అసలు అంచనాయే లేదు.

రెండోది, జలపాతం కింద అడుగు చదునుగా ఉండదు. ఏళ్ల తరబడి నీళ్లలో గిరగిరా తిరిగిన రాళ్లు బండను తొలిచి గుండాలు చేస్తాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు వెళ్లి చూస్తే తెలుస్తుంది: అంచు నున్నగా, గోడలు నిట్టనిలువుగా, లోపల గుండ్రటి రాళ్లు. పట్టుకోవడానికి ఒక్క గీత కూడా ఉండదు. వానాకాలం ఆ గుండం మీద మోకాలి లోతు నీళ్లు పారుతుంటే పైకి ఏమీ తెలియదు. ఒక అడుగు మోకాళ్ల లోతు, పక్క అడుగు తల మునిగే లోతు.

మూడోది, ధార సరిగ్గా పడే చోటు. పైనుంచి పడ్డ నీళ్లు అడుగుకు పోయి, కొంత దూరంలో పైకి లేచి, మళ్లీ ధార వైపే వెనక్కి తిరుగుతాయి. అందులో చిక్కిన మనిషి బయటికి ఈదుతున్నకొద్దీ నీళ్లు లోపలికే లాగుతాయి. పైగా అక్కడి నీళ్లు తెల్లటి నురగ, అంటే సగం గాలే. గాలి కలిసిన నీళ్లు మనిషిని తేల్చలేవు. మామూలు చెరువులో తేలే మనిషి అక్కడ మునిగిపోతాడు.

నాలుగోది పాచి. పొడి బండ మీద గట్టిగా నిలబడ్డ చెప్పు, తడి బండ మీద పెట్టగానే జారుతుంది. చాలా ప్రమాదాలు దిగాలనుకుని దిగినవి కావు, సెల్ఫీ కోసం అంచున నిలబడి జారినవి. ముదురు ఆకుపచ్చగా, నల్లగా మెరిసే బండ కనిపిస్తే దాని మీద కాలు పెట్టకండి.

మాకు ఈత బాగా వచ్చు.

ఊరి బావిలో, స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత నిలిచిన నీళ్లది. ఇక్కడ నీళ్లు కదులుతాయి, సుడి తిరుగుతాయి, కింద రాళ్లున్నాయి. ఈత వచ్చినవాళ్లే లోపలికి పోతారు, వాళ్లను చూసి ఈత రానివాళ్లు వెనకే పోతారు. మీ వెనక ఎవరున్నారో చూసుకోండి.

పై బండ మీద నుంచి దూకితే?

వద్దు. నీళ్ల కింద బండ ఎక్కడుందో తెలియకుండా దూకితే మెడ విరుగుతుంది. పోయినసారి లోతుగా ఉన్న చోట ఈసారి వరదకు కొట్టుకొచ్చిన రాయి ఉండవచ్చు.

నీళ్లు పెరగబోతున్నాయని ముందే ఎలా తెలుసుకోవాలి?

మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా పైన గుట్టల్లో వాన పడి ఉండవచ్చు. గుర్తులు ఇవి: తేటగా ఉన్న నీళ్లకు ఎర్రటి, బురద రంగు రావడం, ఎండుటాకులు, పుల్లలు, నురగ ఒక్కసారిగా ఎక్కువగా కొట్టుకురావడం, జలపాతం చప్పుడు గలగల నుంచి బరువైన హోరుగా మారడం, ఇందాక పొడిగా ఉన్న రాయి తడవడం. చేరుకోగానే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి, పావుగంటకోసారి దాన్ని చూడండి. దాని చుట్టూ నీళ్లు వచ్చాయంటే ఇక సామాన్లు సర్దుకునే పని కూడా పెట్టుకోకుండా అందరూ ఒడ్డెక్కి ఎత్తుకు వెళ్లాలి. చెప్పులు, ఫోను పోతే పోనివ్వండి.

వాగు మధ్యలోని బండ మీద ఎప్పుడూ టిఫిన్ బాక్సులు విప్పకండి. కూర్చోవడానికి అంత హాయిగా ఉండే చోటు ఇంకోటి ఉండదు, నిజమే. కానీ నీళ్లు పెరిగితే మీకూ ఒడ్డుకూ మధ్య వాగు ఉంటుంది.

ఎవరైనా మునిగిపోతుంటే ఏం చేయాలి?

ముందు మీరు దూకకండి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి ఏడూ చదువుతున్నాం, అన్నదమ్ములు, స్నేహితులు ఒకే చోట. చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడటం కూడా ప్రమాదమే, ఒకరు జారితే అందరూ జారతారు.

ఒడ్డున బోర్లా పడుకుని పొడవాటి కర్ర అందించండి. అందకపోతే తాడు, కట్టి ముడేసిన రెండు మూడు చున్నీలు, తువ్వాళ్లు విసరండి. తేలేది ఏదైనా విసరండి: మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాన్, ఖాళీ డబ్బా. నేను కారులో ఎప్పుడూ పొడవాటి నైలాన్ తాడు పెట్టుకుంటాను. మీరూ పెట్టుకోండి, పెద్ద ఖర్చు కాదు. మునిగేవాళ్లు సినిమాల్లోలా చేతులూపి అరవరు. నోరు నీటి మట్టం దగ్గరే ఉంటుంది, ఊపిరికే సరిపోదు, చప్పుడు లేకుండా పోతారు. అందుకే పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి ఫోను జేబులో పెట్టుకుని వాళ్లనే చూస్తుండాలి.

బయటికి తీశాక పలకకపోతే, ఊపిరి ఆడకపోతే, పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పని పెట్టుకోకండి, తలకిందులుగా తిప్పకండి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఇవ్వండి. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊపిరి ఇవ్వాలి. పిల్లలకైతే ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా నొక్కితే చాలు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఈలోపు ఇంకొకరు 108కి లేదా 112కి ఫోన్ చేయాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల ప్రభావం గంటల తర్వాత కూడా కనిపించవచ్చు.

యూట్యూబ్‌లో ముత్యంధార, కొంగాల, మామిడిలొద్ది చూశాం. వెళ్లొచ్చా?

వద్దు. ముత్యంధార అందం నేనూ కాదనను. అంత ఎత్తు గుట్ట మీద నుంచి తెల్లటి దారంలా దిగే నీళ్లు ఈ ప్రాంతంలో ఇంకెక్కడా లేవు. కానీ ఊరి నుంచి అడవిలో చాలా దూరం నడవాలి, మధ్యలో వాగులు దాటాలి, కాపలా లేదు, కంచె లేదు. అనుమతి లేని జలపాతాలకు వెళ్లొద్దని అటవీ శాఖ, పోలీసులు పదేపదే చెప్తున్నారు.

ఇంకో కారణం కూడా ఉంది. కర్రెగుట్టల వైపు అడవిలో మావోయిస్టుల మందుపాతరలున్నాయని పోలీసులు హెచ్చరించిన ప్రాంతం ఇది. 2025లో భద్రతా బలగాల పెద్ద ఆపరేషన్ జరిగింది కూడా ఈ గుట్టల్లోనే. వీడియో తీసినవాళ్లు క్షేమంగా వచ్చారంటే ఆ రోజు వాళ్లకు కలిసొచ్చిందని మాత్రమే అర్థం. దారి చూపిస్తామని డబ్బులడిగే వాళ్ల వెంట పోకండి.

భీముని పాదం ఎలా ఉంటుంది?

చిన్నది, ముద్దుగా ఉంటుంది. నర్సంపేట మీదుగా గూడూరు వైపు పోయి సీతానగరం అడవిలోకి మళ్లాలి. భీముడి పాదం ముద్ర పడిన చోటని స్థానికుల నమ్మకం, అందుకే కొందరు మొక్కుకుని వస్తారు. చుట్టూ బండల మధ్య నుంచి ధార సన్నగా కింది మడుగులోకి పడుతుంది. వాన తగ్గిన కొన్నాళ్లకే పలచబడుతుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే చూడాలి. చోటు ఇరుకు. పది కుటుంబాలు చేరితే నిలబడే జాగా ఉండదు, పొద్దున తొమ్మిదిలోపు చేరుకోండి.

ఆదిలాబాద్ వైపు ఏవి చూడాలి?

కుంటాల తప్పకుండా. నేరడిగొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దిగి లోపలికి పోవాలి. కడెం వాగు సుమారు 45 మీటర్ల లోతుకు దూకుతుంది. కిందికి వందల మెట్లున్నాయి. దిగడం సులువు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు పై నుంచే చూడటం మంచిది. అక్కడి మడుగులు చాలా లోతు, చాలామంది పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కుంటాలలో నీళ్లలో అడుగు పెట్టాలన్న ఆలోచనే వద్దు. అక్కడ కొలువైన సోమేశ్వరుడి దర్శనానికి శివరాత్రికి జనం బాగా వస్తారు.

బోథ్ మండలంలోని పొచ్చెర ఎత్తు సుమారు 20 మీటర్లే, కానీ నీటి బలం ఎక్కువ. గాయత్రికి నడక ఉంది.

నడక ఇష్టమున్నవాళ్లకు నేను చెప్పేది బజార్‌హత్నూర్ మండలం గిర్నూరు దగ్గరి కనకాయి. కనకదుర్గ గుడి దగ్గర నుంచి వాగు వెంట నడిస్తే ఒకదాని తర్వాత ఒకటి మూడు చోట్ల నీళ్లు దూకుతాయి: కనకాయి, బండరేవు, చీకటిగుండం. చీకటిగుండం పేరులోనే ఉంది కదా, అది దూరం నుంచి చూసే మడుగు. ఊరివాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి. వాగు దాటే చోటు వాళ్లకే తెలుస్తుంది, వాళ్లకు నాలుగు డబ్బులూ వస్తాయి.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి?

వెనక పట్టీ ఉన్న, కింద గీతలు లోతుగా ఉన్న సాండల్స్ లేదా పాత స్పోర్ట్స్ షూస్. హవాయి చెప్పులు వద్దు. జీన్స్ తడిస్తే బరువు, ఆరదు. చీర, చున్నీ కొంగు బిగించుకోవాలి. ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, ఫోన్లకు జిప్ కవరు, టార్చి, చిన్న విజిల్, బ్యాండేజీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. డబ్బులు నోట్ల రూపంలో కూడా ఉంచుకోండి. తాడ్వాయి దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పే పని చేయకపోవచ్చు. మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. పెట్రోలు ములుగులోనే నింపుకుంటే టెన్షన్ ఉండదు.

వాగు నీళ్లు తాగొచ్చా?

తాగొద్దు. పైన పశువులు దిగుతాయి. ఇంటి నుంచే మనిషికి మూడు లీటర్లు పట్టుకెళ్లండి.

పాములు, దోమల సంగతి?

వానాకాలం అడవి కాబట్టి పాములుంటాయి. బండ సందుల్లో చేతులు పెట్టకండి, గడ్డిలో చెప్పుల్లేకుండా నడవకండి. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ వద్దు. ఆ కాలు కదలకుండా చూసి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. ఏజెన్సీలో మలేరియా ఉంది, రాత్రి బస చేస్తే నిండు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే, ఫలానా చోటికి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

అక్కడ వంట చేసుకోవచ్చా? మందు?

అడవిలో పొయ్యి పెట్టొద్దు. పులిహోర, సర్వపిండి, పెరుగన్నం కట్టుకెళ్తే సరిపోతుంది, లేదంటే ఏటూరునాగారంలో భోజనం హోటళ్లున్నాయి.

మందు విషయంలో నాకు రెండో మాట లేదు. తాగి నీళ్లలో దిగడం చావుకు ఎదురెళ్లడమే. పగిలిన సీసా పెంకులు మడుగు అడుగున ఏళ్లపాటు ఉంటాయి. ఆ నీళ్లలో మర్నాడు దిగేది కోయగూడెం పిల్లలు, వాళ్ల పశువులు. మనకు ఆదివారం పిక్నిక్ అయిన చోటు వాళ్ల ఊరు. తెచ్చిన ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చిప్స్ కవర్లు, పిల్లల డైపర్లు సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేయండి. గూడెంలో ఇళ్ల ముందు, ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే చోట అడగకుండా ఫొటోలు తీయకండి. షాంపూ, సబ్బు మడుగులో వాడకండి, ఆ చేపపిల్లలు చస్తాయి.

ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు ఉందా?

బొగత దగ్గర గదులు, మరుగుదొడ్లు ఉన్నాయి, ఆదివారం క్యూ ఉంటుంది. మిగతా చోట్ల చాలావరకు ఏమీ ఉండవు. పెద్ద దుప్పటి ఒకటి కారులో పెట్టుకుంటే పనికొస్తుంది.

బొగతతో పాటు రామప్ప, లక్నవరం కూడా అదే రోజు చూడొచ్చా?

మూడూ ఒకే రోజు పెట్టుకుంటే దేన్నీ సరిగ్గా చూడలేరు. బొగతతో ఒకటి కలపండి. నేనైతే రామప్పనే ఎంచుకుంటాను. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పాలంపేట వైపు మళ్లాలి. లక్నవరానికి చల్వాయి దగ్గర దారి.

క్రమం ముఖ్యం. ముందు నేరుగా బొగతకు పోండి, గుడి తిరుగు దారిలో. తెల్లవారి ఐదున్నరకు హనుమకొండలో బయల్దేరితే తొమ్మిదికల్లా బొగతలో ఉంటారు, జనం ఇంకా రారు, నీళ్ల మీద ఎండ ఏటవాలుగా పడుతుంటుంది. పన్నెండున్నరకు అక్కడ లేవండి. ఏటూరునాగారంలో భోంచేసి, మూడున్నర నాలుగుకు రామప్పకు వస్తే గుడి తీరిగ్గా చూసి ఎనిమిదిలోపు ఇల్లు చేరతారు. పస్రా అడవి దారిని చీకటి పడకముందే దాటేయాలి: పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి, లైట్లు లేని ట్రాక్టర్లు వస్తుంటాయి. ఏ కారణంతో ఆలస్యమైనా గుడి ఇంకోసారి చూద్దామనుకుని నేరుగా ఇంటికి వచ్చేయండి.